ఎనిమిదింటి చీకటి

ప్రమాదాలు తగ్గాయట. గడియారాలు ముందుకి జరిపిన ఆ మూడు చలికాలాల్లో చీకటివేళ రోడ్డు ప్రమాదాలు మూడో వంతు తగ్గిపోయాయట. పాత నివేదికలో ఆ వాక్యం కింద కమిటీ వాళ్ళెవరో ఎర్ర సిరాతో గీత గీసి మరీ పంపారు. ఆ గీత చూసినప్పుడల్లా చెల్లెలికి ఒళ్ళు మండిపోయేది. మొదట్లో మండలేదు లెండి. మొదట్లో ఆవిడ కూడా అందరిలాగే ఆ మాట నమ్మి, శుభ్రంగా తన కాగితాల్లోకి ఎక్కించుకుంది. మంటంతా తర్వాత మొదలైంది.

చెల్లెలంటే అక్కకి చెల్లెలు. పాత రికార్డుల ఆఫీసులో ఆవిడ్ని మేడమ్ అంటారు, గది తలుపు మీద పరిశోధకురాలు అని ఉంటుంది. కానీ ఇది ఆఫీసులో మొదలై ఇంట్లో తేలిన వ్యవహారం కాబట్టి ఇక్కడ ఆవిడ చెల్లెలే.

సంగతేమిటంటే, ప్రభుత్వం కన్ను మళ్ళీ గడియారాల మీద పడింది. ముల్లుని గంట ముందుకి నెట్టి ఏడాది పొడుగునా అలాగే ఉంచేస్తే సాయంత్రాలు వెలుగు ఎక్కువసేపు ఉంటుందని, కరెంటు ఆదా అవుతుందని, బజార్లు కళకళలాడతాయని పెద్దలకి తోచింది. తోచిందే తడవుగా కమిటీ వేశారు. జనం దానికి గంటల కమిటీ అని పేరు పెట్టారు. ఆ కమిటీ నివేదిక చివర ఈ దేశపు వేళల చరిత్ర ఒక ఆరు పేజీల్లో ఉండాలన్నారు. ఆ ఆరు పేజీలూ చెల్లెలి నెత్తిన పడ్డాయి.

పని మొదట్లో సరదాగానే సాగింది. ఒకప్పుడు ఏ ఊరి వేళ ఆ ఊరిదే. సూర్యుడు నడినెత్తికొస్తే పన్నెండు, అంతకంటే ఎవరికీ అక్కర్లేదు. రైళ్ళొచ్చాక ఆ పద్ధతి కుదరక, దేశాన్ని నిలువునా రెండు ముక్కలు చేసి తూర్పుకో వేళ, పడమటికో వేళ పెట్టారు. రెంటికీ గంట తేడా. సరిహద్దు గీత ఒక నది మీద పడింది. తూర్పు ఒడ్డున పదింటికి బయల్దేరిన పడవ పడమటి ఒడ్డుకి తొమ్మిదిన్నరకే చేరేది. ఆ రేవులో ఒక మంగలి తన షాపులో రెండు గడియారాలు తగిలించాడట. వచ్చినవాణ్ణి త్వరగా పంపించెయ్యాలంటే ఒకటి చూపించేవాడు, కూర్చోబెట్టి కబుర్లు చెప్పాలనిపిస్తే రెండోది. ఇలాంటివి దొరికినప్పుడల్లా చెల్లెలు ఊరికి ఫోను చేసి అక్కకి చదివి వినిపించేది. అక్క నవ్వేది. నవ్వి, "ఇంతకీ ముందు గంట దాకా వచ్చావా?" అని అడిగేది. ఇంకా రాలేదంటే, సరేలే అని ఫోను పెట్టేసేది.

ముందు గంట అంటే నలభై ఏళ్ళ కిందటి మాట. అప్పటి ప్రభుత్వం ఇంధనం కొరత అని రెండు పనులు ఒకేసారి చేసింది. పడమటి వేళ రద్దు చేసి దేశమంతటికీ రాజధాని వేళే అంది. ఆపైన ఆ వేళని కూడా గంట ముందుకి జరిపి, ఎండాకాలం పోయినా వెనక్కి తీసుకోలేదు, మూడేళ్ళు అలాగే నడిపింది. రాజధాని తూర్పు చివర ఉంది కాబట్టి అక్కడివాళ్ళకి జరిగింది ఒక్క గంటే. పడమటి చివరి ఊళ్ళకి మాత్రం రెండు గంటలు జరిగింది. చలికాలం పొద్దున ఎనిమిదింటికి రాజధానిలో వెలుగొచ్చేసేది. పడమటి ఊళ్ళలో కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనిపించేది కాదు.

పోనీ బడి గంటైనా మార్చుకోవచ్చు కదా అంటారా? దానికీ తాళం వేశారు. బడులూ, ఆఫీసులూ, మిల్లులూ వేళలు మార్చుకోరాదని సర్క్యులరు. ఎవరికి వాళ్ళు వేళలు మార్చుకుంటే ఇక ముల్లు జరిపి ఏం లాభం అని అందులోనే రాశారు. బడి ఎనిమిదింటికి, అంతే. ఇంకో ఘనకార్యం ఏమిటంటే, వీధి దీపాలు ఏడింటికి ఆర్పెయ్యాలనే పాత నియమం అలాగే ఉండిపోయింది. కరెంటు ఆదా మరి. చిమ్మచీకట్లో దీపాలార్పి, పిల్లల్ని వీధిలోకి పంపించారు. ఇది ఒక దేశం తన పిల్లలకి చేసిన పని.

మరలాంటప్పుడు ప్రమాదాలు ఎలా తగ్గాయి? చెల్లెలికి వచ్చిన అనుమానం ఇదే. నివేదిక పట్టుకుని పోలీసు కాగితాల దగ్గరికి వెళ్ళింది. ఒక్కో ప్రమాదానికి ఒక్కో కాగితం. అందులో పగలు, రాత్రి అని రెండు గడులు, ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. ఎప్పుడు ఏ గడో పోలీసుల చేతిపుస్తకంలో అచ్చేసి ఉంది. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పగలు, తక్కినది రాత్రి. గడియారం ప్రకారం. గడియారాన్ని జరిపినప్పుడు ఆ నియమం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. దాంతో పొద్దుటి చీకటంతా ఒక్క కలం పోటుతో పగలైపోయింది. ఆ చీకట్లో జరిగిన ప్రమాదాలన్నీ పగటి గడిలోకి వెళ్ళాయి. రాత్రి గడి తేలికపడింది. దాన్ని చూసి పెద్దలు భుజాలు తట్టుకున్నారు.

చెల్లెలు ఈ సంగతి సూపరింటెండెంటుకి చెప్పింది. ఆయన మంచివాడే కానీ ఏ ఫైలునీ అవసరానికి మించి ముట్టుకునే రకం కాదు.

"ఆరు దాటితే పగలే కదండీ, అందులో తప్పేముంది?" అన్నాడు.

"ఎవరి ఆరు సార్?"

"అందరి ఆరూ."

"సూర్యుడిది కూడానా?"

ఆయన టీ తెప్పించాడు.

చెల్లెలు ఊరుకోలేదు. నక్షత్రశాలకి రాసి, ఆ మూడు చలికాలాల్లో ఏ ఊళ్ళో ఏ రోజు సూర్యుడు ఎప్పుడొచ్చాడో లెక్క కట్టించి తెప్పించుకుంది. సూర్యుడు ఏ సర్క్యులరూ చదవడు కాబట్టి అదేమంత కష్టమైన లెక్క కాదట. ఆ లెక్క పక్కన పెట్టుకుని పడమటి జిల్లాల కట్టలు మొదటి నుంచి విప్పింది. రాసిన కానిస్టేబుళ్ళని అనడానికి లేదు. వాళ్ళు వివరాల గడిలో ఉన్నదున్నట్టే రాశారు. బండివాడు దీపాలు వేసుకునే ఉన్నాడని ఒకరు. టార్చి వెలుగులో కొలతలు తీశామని ఒకరు. లాంతరు తెప్పించి చెప్పులు వెతికించామని ఇంకొకరు. ఇంతా రాసి పైన పగలు అని టిక్కు పెట్టారు. లాంతరుతో చెప్పులు వెతుక్కునే పగలు ఎక్కడైనా ఉంటుందా? చెల్లెలు లెక్క తిరగరాస్తే తేలిందేమిటంటే, చీకట్లో ప్రమాదాలు తగ్గడం కాదు, పడమటి ఊళ్ళలో దాదాపు ఒకటిన్నర రెట్లయ్యాయి. వాటికి బలైనవాళ్ళలో ఎక్కువమంది బడికి వెళ్ళే పిల్లలే.

ఆ కట్టల్లో ఒక కాగితం ఉంటుందని ఆవిడకి ముందే తెలుసు. వెతకలేదు. వరసలో అదే వచ్చింది.

చెల్లెలు పుట్టకముందు ఆ ఇంట్లో ఒక మగపిల్లాడు ఉండేవాడు. ఆవిడకి అన్న, అక్కకి తమ్ముడు. అక్క వాణ్ణి బుడ్డోడు అనేది. ముందు పన్ను ఊడిన ఫొటో ఒకటి ఇప్పటికీ హాల్లో ఉంది. అప్పుడు అక్కకి తొమ్మిదేళ్ళు, వాడికి ఆరు. రోజూ అక్కే బడికి తీసుకెళ్ళేది. ఒకరోజు పిండిమర దగ్గర రోడ్డు దాటుతుంటే పాల వ్యాను గుద్దేసింది. నాన్న అప్పట్లో రాజధానిలో అచ్చాఫీసులో పనిచేస్తూ నెలకోసారి వచ్చేవాడు. కబురందుకుని వచ్చేసరికి పోలీసు కాగితం సిద్ధంగా ఉంది. ఉదయం ఏడూ నలభై. పగలు. కారణం: వెంట ఉన్న బాలిక అజాగ్రత్తగా చెయ్యి వదిలేయడం.

అంతే, ఆ కాగితమే ఇంట్లో వేదమైపోయింది. నాన్న కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. కానీ అక్క చేతిలోంచి గ్లాసు జారినా, గరిట జారినా, "పట్టపగలే జారిపోతాయి దీనికి" అనేవాడు. ఆ మాట అన్నప్పుడు అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు. అక్క ఒక్కసారి కూడా తిరిగి మాట్లాడగా చెల్లెలు చూడలేదు. చిన్నప్పుడు తనని బడికి తీసుకెళ్ళింది కూడా అక్కే. అన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యి పట్టుకోలేదు. మణికట్టు పట్టుకునేది, గట్టిగా, ఎర్రగా కందిపోయేలా. నొప్పెడుతోందే అంటే వినిపించుకునేది కాదు.

ఆ కాగితంలో కూడా వివరాల గడి ఉంది. టార్చి వెలుగులో కొలతలు తీశామని అందులోనూ రాసి ఉంది. ఆ ఊళ్ళో ఆ రోజు సూర్యుడు ఎనిమిదిన్నర దాటాక గానీ రాలేదు. చెల్లెలు కాగితం మూసి, బయటికెళ్ళి, ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఏడుపు కూడా కోపంతోనే వచ్చింది. నాలుగు దశాబ్దాలు ఒక మనిషిని పట్టపగలు అని పొడిచారు, ఆ పగలేమో ఒక గడిలో టిక్కు. ఇంకేమీ కాదు.

ఆరు పేజీలు పదకొండయ్యాయి. కమిటీ అధ్యక్షుడు కబురు పెట్టాడు. పెద్ద ఇంజినీరుగా చేసి దిగిపోయిన మనిషి, మాట మెత్తన. బల్ల మీద ఆవిడ పేజీలున్నాయి, ప్రమాదాల భాగం మీద అడ్డంగా గీతలున్నాయి.

"చాలా కష్టపడ్డారు మేడమ్," అన్నాడు. "మంగలి కథ మా ఆవిడకి కూడా చెప్పాను. ఈ ప్రమాదాల భాగం మాత్రం ఇక్కడ అనవసరం."

"మీ నివేదిక అంతా ఆ ప్రమాదాల అంకె మీదే నిలబడింది కదండీ."

"అది అప్పటి అధికారిక లెక్క. ఒక పద్ధతి ప్రకారం కట్టారు."

"పద్ధతి తప్పు."

"పద్ధతి పాతది. తప్పనకండి. ఎవరికీ దురుద్దేశం లేదు."

"ఎవరికీ ఏ ఉద్దేశమూ లేదు. అదే నేను రాసింది."

ఆయన కిటికీ వైపు చూశాడు. బయట ఎండ దివ్యంగా ఉంది. రాజధానిలో ఎప్పుడూ ఉంటుంది.

"చూడండమ్మా, నలభై ఏళ్ళ నాటి సంగతి. ఇప్పుడు తవ్వి ఎవరికి లాభం?"

"మీరు మళ్ళీ అదే పని చెయ్యబోతున్నారు. రేపు పొద్దున చీకట్లో రోడ్డెక్కబోయే పిల్లలకి లాభం." చెల్లెలు సంచిలోంచి ఒక నకలు తీసి ఆయన ముందు పెట్టింది. "ఇంకొకటి అడుగుతాను. ఈ ఒక్క కాగితంలో పగలు అని ఉన్న టిక్కు కొట్టేసి రాత్రి గడిలో పెట్టించండి."

ఆయన చదివాడు. ఇంటిపేరు చూసి తలెత్తి ఆవిడ వంక చూశాడు. మొహంలో జాలి కనిపించింది. కానీ నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"మూసేసిన ఫైలులో గడి మార్చే అధికారం ఎవరికీ లేదమ్మా."

"దేశం మొత్తం గడియారాలు జరిపే అధికారం ఉంది. ఒక్క టిక్కు జరపడానికి లేదా?"

ఆయన నకలుని వెనక్కి జరిపాడు. ఆ భాగం తీసేసి పంపమని సహాయకుడితో చెప్పించాడు. చెల్లెలు తియ్యలేదు. పదకొండు పేజీలూ అలాగే పెట్టి, పడమటి కాగితాల నకళ్ళన్నీ జతచేసి, ఎవరైనా వచ్చి చదువుకోవడానికి రికార్డుల ఆఫీసు చదువుగదిలో ఉంచాలని సూపరింటెండెంటు బల్ల మీద పెట్టింది. దాని మీద ఆయన ముద్ర పడాలి. ఇంక ఈయన నాలుగు రోజులు నానుస్తాడు అనుకుంది. ఆయన పేజీలు తిప్పాడు. లాంతరుతో చెప్పులు వెతికిన కాగితం దగ్గర ఆగాడు.

"మాదీ పడమటే," అన్నాడు నెమ్మదిగా. "మా చిన్నాన్న కూతురు. ఈ చెప్పులు." ముద్ర వేసి, ఆ రోజు టీ తాగకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు.

చదువుగదికి మొదట ఒక విలేకరి వచ్చాడు, తర్వాత పదిమంది వచ్చారు. కమిటీ నివేదిక వెలువడేసరికి ఆ మూడో వంతు వాక్యం మాయమైంది. ఆ స్థానంలో, ప్రమాదాల విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయని, గంట మార్పుని ప్రస్తుతానికి వాయిదా వేస్తున్నామని వచ్చింది. భిన్నాభిప్రాయాలట. సూర్యుడు ఎప్పుడొచ్చాడన్నదాని మీద. చెల్లెలు ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి, నకలు కాగితంతో కలిపి సంచిలో పడేసుకుని, పడమటి రైలెక్కింది.

అక్కకి పిండిమర వీధిలోనే సైకిలు షాపు. పంక్చర్లు, చైన్లు, చువ్వలు. బడి పిల్లల సైకిళ్ళకి ముందో దీపం, వెనకో ఎర్ర అద్దం తనే బిగించి పంపిస్తుంది. అడిగినా అడక్కపోయినా. మాకొద్దు ఆంటీ అన్నవాళ్ళ సైకిలు సాయంత్రం దాకా ఇవ్వదు. చెల్లెలు వెళ్ళేసరికి అక్క ఒక చక్రాన్ని తిప్పుతూ వంకర చూస్తోంది.

"ముందు గంట దాకా వచ్చాను అక్కా," అంది చెల్లెలు.

అక్క చక్రం ఆపలేదు. చెల్లెలు నిలబడే అంతా చెప్పింది. గడులు, టిక్కులు, టార్చి వెలుగు, ఎనిమిదిన్నర దాటాక వచ్చిన సూర్యుడు. అక్క ఎగిరి గంతేస్తుందని కాదు గానీ, కనీసం పని ఆపుతుందనుకుంది.

"చీకటని నాకు తెలీదా?" అంది అక్క. "వాడి చెయ్యి నా చేతిలో ఉంది, వాడు మాత్రం కనిపించలేదు." ఒక చువ్వ బిగించింది. "ఇంటికెళ్ళు. నాన్న అన్నం తినకుండా కూర్చుంటాడు నీకోసం."

అమ్మ పోయింది. నాన్నకిప్పుడు చూపు సరిగ్గా లేదు. మనిషి ఆసరా లేనిదే గది దాటడు. చెల్లెలు భోజనాలయ్యేదాకా ఆగింది. తర్వాత ఆయన ఎదురుగా కూర్చుని కాగితం చదివింది, నక్షత్రశాల లెక్క చదివింది. అక్క గిన్నెలు తీస్తోంది.

"ఆ రోజు ఇక్కడ చిమ్మచీకటి నాన్నా. వీధి దీపాలు కూడా లేవు. పట్టపగలు కాదు. అక్క తప్పేం లేదు."

ఆయన తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"రాజధానిలో ఎనిమిదంటే వెలుగే," అన్నాడు. "నేనలాగే అనుకున్నాను." అక్క ఉన్న వైపుకి మొహం తిప్పి, "అయినా అప్పుడే చెప్పొచ్చుగదే," అన్నాడు.

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. చెల్లెలు నోరు తెరిచింది. అక్క చేత్తో వద్దని ఆపింది.

"చెప్పాను నాన్నా," అంది. అక్క గొంతు అంత స్పష్టంగా ఆ ఇంట్లో ఎప్పుడూ వినపడలేదు. "ఆ గుమ్మంలో నిలబడి చెప్పాను. చీకటిగా ఉంది, బండి కనపళ్ళేదు అని. నువ్వు గోడ గడియారం చూపించి, ఎనిమిదింటికి చీకటేంటే, అబద్ధాలా అన్నావు. పోలీసాయనకీ చెప్పాను. చేతిలో టార్చి పట్టుకుని, పగలు అని రాసుకున్నాడు."

"మీ అమ్మైనా..."

"అమ్మని ఎలా చెప్పనిచ్చేదాన్ని? చీకటని ఒప్పుకుంటే, చీకట్లో ఎందుకు పంపావని అమ్మని అడిగేవాడివి. పంపకపోతే బడిలో పేరు కొట్టేసేవాళ్ళు. అమ్మ నావైపు చూసింది. నేనింక చెప్పడం మానేశాను."

తొమ్మిదేళ్ళ పిల్ల. చెల్లెలు ఇన్ని కట్టలు విప్పింది, ఇన్ని లెక్కలు కట్టించింది, దేశం మొత్తాన్ని కడిగేసింది. ఈ మాట మాత్రం ఏ కట్టలోనూ లేదు. నలభై ఏళ్ళుగా ఈ ఇంట్లోనే గిన్నెలు తోముతూ తిరిగింది.

నాన్న, పడుకుంటాను అని లేవబోయాడు. అక్క చీర చెంగుకి చేతులు తుడుచుకుని వచ్చి, ఎప్పట్లాగే ఆయన మణికట్టు పట్టుకుంది. ఆయన కదల్లేదు. మెల్లగా మణికట్టు విడిపించుకుని, అరచెయ్యి తెరిచి ముందుకి చాపాడు.

"చెయ్యి పట్టుకోవే," అన్నాడు.

అక్క ఆ చేతి వంక చూస్తూ నిలబడింది.

"ఇవాళ కాదు నాన్నా," అంది అక్క. మళ్ళీ మణికట్టే పట్టుకుని, గడప ఉంది జాగ్రత్త అని చెప్పి, గదిలోకి నడిపించుకెళ్ళింది.